పాప తల మీద ఒట్టు, దీపం ముందు ప్రమాణం

పేరు రాయవద్దని కోరుతూ ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమె నర్సు. పదకొండేళ్ల సర్వీసు, ఐదేళ్ల కూతురు. ఆనవాళ్లు తెలిసే వివరాలు తీసేసి, ఆమె చెప్పిన సంగతి క్లుప్తంగా ఇస్తున్నాను.

మూడు నెలల కిందట నైట్ డ్యూటీలో ఉండగా ఒక పెద్దాయనకు ఇన్సులిన్ ఇవ్వాల్సి వచ్చింది. డాక్టరు రాసింది 4 యూనిట్లు. అయితే యూనిట్లు అని పూర్తిగా రాయకుండా, అంకె పక్కన ఇంగ్లిష్ 'యూ' అక్షరం ఒక్కటే గుండ్రంగా పెట్టారు. వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్ దాన్ని 40 అని చదివి, అంతా ఇచ్చేశారు. రాత్రి రెండున్నరకు ఆయనకు ఒళ్లంతా చెమటలు, పిలిస్తే పలకలేదు. షుగర్ 36కి పడిపోయింది. నరానికి గ్లూకోజ్ ఎక్కించారు. తెల్లారేసరికి తేరుకున్నారు. ఆ తర్వాత, ఇచ్చిన మందులు నర్సులు రాసే చార్టులో ఆ పేజీ తీసేసి, ఇన్‌చార్జ్ సిస్టర్ కొత్త పేజీ మీద 4 అని రాశారు. "రాత్రి సరిగ్గా తినలేదు, అందుకే పడిపోయింది" అని డాక్టరుకూ ఇంటివాళ్లకూ చెప్పారు.

ఆ ఇన్‌చార్జ్ సిస్టరే ఈమెకు పని నేర్పిన మనిషి. ఈమె ఆవిడను 'అక్కా' అనే పిలుస్తారు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. "స్టోర్ రూమ్‌లో నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ఎవరికీ చెప్పనని పాప తల మీద ఒట్టెయ్యి అంది. వేశాను."

పెద్దాయన కూతురు డిశ్చార్జ్ అయ్యే దాకా ఏడుస్తూనే ఉందట, ఆ రాత్రి నాన్నకు నేనే సరిగ్గా తినిపించలేదు అని. పోయిన నెల అదే వార్డులో ఇంకో నర్సు 6 యూనిట్లను 60 అని చదివింది. ఇచ్చే ముందు అనుమానం వచ్చి ఆగింది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ఈమెకు నిద్ర లేదు. "చెప్పేద్దామని మనసులో అనుకున్న మర్నాడే పాపకు జ్వరం వచ్చింది. ట్రైనింగ్‌లో దీపం పట్టుకుని చేసిన ప్రమాణం ఒకవైపు, పాప తల మీద ఒట్టు ఇంకోవైపు. ఏది తప్పినా పాపమే. దేన్ని నిలబెట్టుకోవాలి?" అని అడిగారు.

అమ్మా, ముందు పాప జ్వరం గురించి మాట్లాడుకుందాం. ఐదేళ్ల పిల్లలకు జ్వరాలు ఎందుకు వస్తాయో నాకన్నా మీకే బాగా తెలుసు. వేరే తల్లి వచ్చి ఈ మాట అంటే, కూర్చోబెట్టి ధైర్యం చెప్పి పంపిస్తారు. అయినా మీ పాప దగ్గరికి వచ్చేసరికి గుండె జారిపోయింది. దీనికి సిగ్గుపడకండి. ఒట్టు పనిచేసేదే భయం మీద. ప్రాచీన ఏథెన్స్‌లో హత్య కేసులు విచారించే అరియోపాగస్ న్యాయస్థానంలో, ఆరోపణ చేసే మనిషి బలిచ్చిన పంది, పొట్టేలు, ఎద్దు ముక్కల మీద నిలబడి ప్రమాణం చేయాలి. తాను చెప్పేది అబద్ధమైతే తనతో పాటు తన వంశం, తన ఇల్లు సర్వనాశనం కావాలని తన నోటితోనే శపించుకోవాలి. అంతకు చాలా ముందు, ఇప్పటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్ల రాజ్యంలో సైనికుల చేత ప్రమాణం చేయించేటప్పుడు మైనం మంటలో వేసి, మాట తప్పినవాడు ఇలాగే కరిగిపోవాలి అనిపించేవారు. ప్రతి మనిషి వెనకా కాపలా పెట్టడం రాజుకు సాధ్యమయ్యేది కాదు. అందుకని మనిషి లోపలే కాపలా పెట్టారు. పిల్లల్ని పూచీగా పెట్టించుకున్నారు.

చట్టాలు ఆ దారి వదిలేసి చాలా కాలమైంది. ఇవాళ ఎవరైనా కోర్టులో ప్రమాణం చేసి అబద్ధం చెబితే శిక్ష చెప్పినవాడికే పడుతుంది, వాడి బిడ్డకు కాదు. ఒకరి మాటకు ఇంకొకరి ప్రాణం తాకట్టు పెట్టకూడదని మనుషులు నెమ్మదిగా నేర్చుకున్నారు. మీ పాప తల తాకట్టు పెట్టే హక్కు మీకు లేదు, పెట్టమని అడిగే హక్కు అక్కకు అసలే లేదు. భయంలో ఆవిడ అడిగింది, భయంలో మీరు వేశారు. మీ ఇద్దరి భయానికీ పాపకు వచ్చిన జ్వరానికీ సంబంధం లేదు. ఈ ఒక్క బరువూ ఇవాళే దించేసుకోండి. మిగతావి ఇంత తేలిగ్గా దిగేవి కావు.

ఇక రెండు ప్రమాణాల సంగతి. మీరు రెండింటినీ ఒకే తక్కెడలో వేసి ఏది బరువని చూస్తున్నారు. నేను ఇంకోలా అడుగుతాను. ఏది ఎవరి మేలు కోసం చేసింది?

నర్సుల ప్రమాణానికి, ఆధునిక నర్సింగ్‌కు బాట వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరున్నా ఆమె రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో, నర్సింగ్ స్కూలు నడిపే లిస్ట్రా గ్రెటర్ ఆధ్వర్యంలో ఒక కమిటీ రాసి, నైటింగేల్ గౌరవార్థం ఆ పేరు పెట్టింది. అందులో హానికరమైన మందు తెలిసి తెలిసి ఇవ్వనని ఉంటుంది. నా చేతికి అప్పగించిన వాళ్ల క్షేమానికి అంకితమవుతానని ఉంటుంది. రహస్యం కాపాడతానని కూడా ఉంటుంది. మీ ఉత్తరంలో ఈ చివరి మాటను గట్టిగా పట్టుకున్నారు, "వార్డులో జరిగింది బయట చెప్పకూడదని ప్రమాణంలోనే ఉంది కదా" అని. అది ఎవరి రహస్యమో చూడండి. రోగి తన గురించి, తన కుటుంబం గురించి మన దగ్గర నమ్మి చెప్పుకున్న సంగతులు. వాటిని కాపాడేది రోగి కోసం. హిప్పోక్రటీస్ పేరుతో ఉన్న పాత గ్రీకు ప్రమాణంలోనూ అంతే, వైద్యం చేసేటప్పుడు కన్నవీ విన్నవీ బయట చెప్పకూడనివైతే చెప్పను అంటారు. రోగికి జరిగిన పొరపాటును ఆ రోగికే తెలియకుండా దాచమని ఈ రెండింటిలో ఏదీ చెప్పదు.

నైటింగేల్ ఏం చేసిందో కూడా గుర్తు చేయాలి. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలతో కన్నా నివారించగలిగిన జబ్బులతోనే ఎక్కువ చనిపోయారని లెక్కలు తీసి, 1858లో రంగుల చిత్రపటం వేసి చూపించింది. అందులో ఆమె స్వయంగా పనిచేసిన ఆస్పత్రి మరణాలు కూడా ఉన్నాయి. ఎవరి పేరుతో మీరు దీపం పట్టుకున్నారో, ఆ మనిషి తన వార్డులో జరిగింది కాగితం మీద పెట్టిన మనిషి.

మీ ఒట్టు వ్యక్తికి చేసింది. దీపం ముందు ప్రమాణం రోగులకు చేసింది. ఈ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో చరిత్ర ఒకసారి చాలా ఘోరంగా చూపించింది. 1934 ఆగస్టు 2న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చనిపోయిన రోజే జర్మనీ సైనికుల చేత కొత్త ప్రమాణం చేయించారు. దేశానికీ కాదు, చట్టానికీ కాదు, హిట్లర్ అనే మనిషికి, పేరు పెట్టి, షరతుల్లేని విధేయత. తర్వాత ఎన్ని దారుణాలు చూసినా చాలామంది ఆఫీసర్లు ప్రమాణం చేశాం కదా, ఏం చేయగలం అన్నారు. యుద్ధం అయ్యాక, నాజీల వైద్య నేరాల మీద న్యూరెంబర్గ్‌లో జరిగిన డాక్టర్ల విచారణలో 23 మంది నిందితులుంటే 20 మంది వైద్యులే. దాని తర్వాత 1948లో ప్రపంచ వైద్య సంఘం జెనీవాలో డాక్టర్లకు కొత్త ప్రతిజ్ఞ రాసుకుంది. నా రోగి ఆరోగ్యమే నాకు అన్నిటికన్నా ముందు అనే మాట అందులో పెట్టింది. మీ అక్కను వాళ్లతో పోల్చడం లేదమ్మా, అలా అనుకోవద్దు. మనిషికి చేసిన ఒట్టు పనికి చేసిన ప్రమాణం మీదికి ఎక్కి కూర్చుంటే చూసే కన్ను మూసుకుపోతుందని చెప్పడానికే ఈ ఉదాహరణ.

"ఒట్టు తప్పితే పాపం కదా" అన్నారు. భీష్ముడూ హరిశ్చంద్రుడూ మనకు చిన్నప్పుడే నూరిపోసిన పేర్లు. కర్ణపర్వంలో ఇంకో కథ ఉంది, దాన్ని మనం తక్కువగా చెప్పుకుంటాం. గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యి అన్నవాణ్ని చంపుతానని అర్జునుడికి మనసులో ఒక శపథం. యుద్ధం పదిహేడో రోజు, దెబ్బలు తిని శిబిరంలో ఉన్న ధర్మరాజు కోపంలో సరిగ్గా ఆ మాటే అన్నాడు. అర్జునుడు కత్తి దూశాడు. అన్న మీద కోపంతో కాదు, శపథం ఉంది కాబట్టి. అప్పుడు కృష్ణుడు అతన్ని ఆపి కౌశికుడి కథ చెప్పాడు. ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టిన బ్రాహ్మణుడు కౌశికుడు. దొంగలకు భయపడి కొందరు అడవిలో దాక్కున్నారు. దొంగలు వచ్చి ఎటు వెళ్లారని అడిగితే కౌశికుడు వ్రతం తప్పకుండా దారి చూపించాడు. వాళ్లను దొంగలు చంపేశారు. కౌశికుడు నరకానికి పోయాడు. అంత చెప్పాక కృష్ణుడు శపథాన్ని గాలికి వదిలెయ్యమనలేదు. పెద్దవాణ్ని నోటితో అవమానించడం చంపడంతో సమానం, ఆ మాటలని శపథం తీర్చుకో అన్నాడు. నాకు ఈ కథలో నచ్చేది ఆ చివరి భాగమే. మాటకు విలువ పోకూడదు, అన్న ప్రాణమూ పోకూడదు. ఆ రెండింటికీ నడుమ దారి వెతికాడు. మీకూ అలాంటి దారి ఉందేమో చూద్దాం.

దానికి ముందు ఒక మాట అడగాలి, నొప్పి పుడుతుందని తెలిసే అడుగుతున్నాను. మీ ఉత్తరం మూడో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. "ఇన్సులిన్‌కి రెండో సంతకం నాది, చూడకుండా పెట్టాను." అంతే. ఆ తర్వాత మళ్లీ దాని ఊసు లేదు. ఒట్టు గురించి మూడు పేజీలు, ఈ సంతకం గురించి ఒక్క లైను.

ఇన్సులిన్ లాంటి మందులకు రెండో నర్సు విడిగా చార్టు చూసి, సిరంజి చూసి సంతకం పెట్టాలనే నియమం ఎందుకుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అక్క మీద నమ్మకంతో చూడలేదు. చేతిలో ఇంకో పేషెంటు పని ఉండి ఉంటుంది. నేను నిందించడం లేదు. కానీ ఆ ఒట్టు అక్కను ఒక్కదాన్నే కాపాడటం లేదు, మిమ్మల్నీ కాపాడుతోంది. మీకు నిద్ర పట్టకపోవడానికి పాప తల మీద భయం ఒక్కటే కారణం కాదని నాకు అనిపిస్తోంది. నిజం చెబితే అక్కతో పాటు మీరూ నిలబడాలి. ఇది ఒప్పుకున్నాక, అక్కకు ద్రోహం చేస్తున్నాననే మాట సగం బలం కోల్పోతుంది. మీరు ఆవిడను ముందుకు తోసి వెనక్కి తప్పుకోవడం లేదు కదా, పక్కనే నిలబడుతున్నారు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏదీ నొప్పి లేనిది కాదు.

ఏమీ మాట్లాడకపోవడం ఒకటి. అక్క గౌరవంగా రిటైర్ అవుతుంది. మీ ఉద్యోగానికి ఇప్పటికిప్పుడు ఏమీ కాదు. కానీ ఆ వార్డులో 'యూ' అక్షరం అలాగే ఉంటుంది. అది సున్నాలాగా కనబడటం మీ వార్డు ఒక్కదానిలో ఉన్న సమస్య కాదు. అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో, రాతలో వాడకూడని పొట్టి అక్షరాల జాబితా ప్రకటిస్తే అందులో ఇది ఉంది. సున్నా అనో నాలుగు అనో పొరబడతారు కాబట్టి యూనిట్ అని పూర్తిగా రాయమన్నారు. మీ దగ్గర రెండోసారి జరగబోయి ఆగింది. మూడోసారి ఆగకపోతే, మొదటిసారి సంగతి మీకు తెలుసన్న నిజంతో మీరు బతకాలి. దీన్ని నేను సలహాగా ఇవ్వలేను.

రెండోది, పేర్లు చెప్పకుండా వార్డులో ఉన్న లోపం మాత్రం చెప్పడం. పోయిన నెల తప్పిపోయిన 60 యూనిట్ల సంగతి మీదనే ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయవచ్చు. యూనిట్లు అని పూర్తిగా రాయాలనే పద్ధతి పెట్టించవచ్చు. దీనికి ఒట్టు అడ్డం రాదు, ఎవరినీ అడగక్కర్లేదు. ఈ పని రేపే చేయండి, మిగతాది ఏమైనా సరే. కాకపోతే ఇది సగం పని. మార్చిన చార్టు అలాగే ఉంటుంది. ఆ కూతురు అలాగే ఏడుస్తుంది.

మూడోది, అక్కతో మాట్లాడకుండా నేరుగా పైవాళ్లకు చెప్పడం. పెద్దాయనకు ఇంకా ప్రమాదం ఉన్నా, లేక అక్క మిగిలిన కాగితాలు కూడా మాయం చేస్తుందని మీకు గట్టి అనుమానం ఉన్నా ఇదే సరైన దారి. ఉత్తరంలో ఆ రెండూ కనబడలేదు. అలాంటప్పుడు పదకొండేళ్ల బంధం ఒక్క మాట లేకుండా తెగిపోతుంది. దాని బాధ ఇద్దరికీ చాలా ఏళ్లు ఉంటుంది.

నాలుగోది అక్క దగ్గరికే వెళ్లడం. నా మనసు దీని వైపే మొగ్గుతోంది, అయినా మనిషి మీకు తెలుసు, నాకు తెలియదు. మనిషికి వేసిన ఒట్టులో ఒక వెసులుబాటు ఉంది. వేయించుకున్నవాళ్లే దాన్ని తీసేయవచ్చు. మన వాడుకలోనే ఉంది కదా, ఒట్టు తీసి గట్టు మీద పెట్టు అని. మధ్యయుగాల్లో ఐరోపా చర్చి చట్టం కూడా ఎవరి మేలు కోసం ప్రమాణం చేశారో వాళ్లు వదిలేస్తే అది తీరిపోతుందని ఒప్పుకుంది. తప్పును కట్టి ఉంచే తాడుగా ప్రమాణం పనికిరాదని కూడా అదే చట్టం చెప్పింది. అక్కను అదే అడగండి. "అక్కా, నీ దగ్గర పని నేర్చుకున్నాను. నా పాప తల మీద ఉన్న ఒట్టు నువ్వే తీసెయ్యి. మనిద్దరం కలిసి వెళ్లి చెబుదాం. రెండో సంతకం నాదని నేనే చెబుతాను."

గురువును తల్లిదండ్రుల్లా చూసుకోవాలని హిప్పోక్రటీస్ ప్రమాణంలో ఉంది. అవసరమైతే నీకున్న దాంట్లో వాటా ఇవ్వాలని కూడా ఉంది. అక్కకు మీరు ఇవ్వగలిగిన వాటా ఇదే, తప్పులో మీ భాగం మీరు తీసుకోవడం. తానుగా వెళ్లి ఒప్పుకున్న నర్సును చూసే తీరు వేరు, విచారణలో దొరికిన నర్సును చూసే తీరు వేరు. డోసు పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. చార్టు మార్చడమే పెద్ద తప్పుగా చూస్తారు, ఆలస్యమయ్యే కొద్దీ ఇంకా పెద్దదవుతుంది. ఈ మాట అక్కకు చెప్పగలిగిన మనిషి ఆ ఆస్పత్రిలో మీరొక్కరే.

ఆవిడ ఒప్పుకోకపోవచ్చు. కోప్పడవచ్చు, "నీ మీదికే తోసేస్తాను" అని బెదిరించవచ్చు కూడా. అందుకని వెళ్లే ముందే ఇంట్లో కూర్చుని ఆ రాత్రి మీరు కళ్లారా చూసింది, చేసింది, టైముతో సహా ఒక కాగితం మీద రాసుకోండి. విన్నవీ ఊహించినవీ వద్దు. పెద్దాయన పేరు రాయొద్దు. చార్టు ఫొటోలు తీయొద్దు, కాగితాలు ఇంటికి తేవద్దు, అక్కడ నిజంగానే రోగి రహస్యం ఉంది. మీ వృత్తి సంఘంలో న్యాయ సలహా ఇచ్చేవాళ్లుంటే, లేదా తెలిసిన వకీలుంటే, రాతపూర్వకంగా ఏదైనా ఇచ్చే ముందు వాళ్లతో మాట్లాడండి. మీ ఉద్యోగానికి, రిజిస్ట్రేషన్‌కు ఏమవుతుందో తెలుసుకునే అడుగు వేయండి. అక్కకు ఒక గడువు ఇవ్వండి, రెండు మూడు రోజులు చాలు. అప్పటికీ కాదంటే మీరు ఒక్కరే వెళతారని ముందే చెప్పండి. వెళ్లే రోజు కూడా చెప్పే వెళ్లండి. ఆ పరిస్థితే వస్తే ఒట్టు తప్పారు, నిజమే. దాన్ని వేయకుండా ఉండాల్సిందని అక్కతోనే అనండి. తప్పినందుకు ఆవిడ బాధ పడితే ఆ బాధ వినండి, వాదించకండి.

ఈలోగా ఆ కుటుంబం చెకప్‌కు వచ్చి మిమ్మల్నే సూటిగా అడిగితే? మీరు ఒక్కరే కారిడార్‌లో నిలబడి అంతా చెప్పే విషయం కాదిది. వైద్యం చేసిన డాక్టరు, ఆస్పత్రి బాధ్యులు కూర్చోబెట్టి చెప్పాలి. కానీ అబద్ధం మాత్రం ఆడకండి. "ఆ రాత్రి గురించి మీరు డాక్టరుగారిని అడగాలి, రండి, నేనే తీసుకెళ్తాను" అనవచ్చు. "తినకపోవడం వల్లే" అనే మాట మీ నోట ఇంకోసారి రానివ్వకండి.

పైవాళ్లకు చెప్పాక వాళ్లు ఆ కూతురిని పిలిచి మాట్లాడే రోజు వస్తుంది. ఆ గదిలో మీరూ ఉంటానని అడగండి. ఒప్పుకుంటే, మిగతా వాళ్లు మాట్లాడటం అయ్యాక, ఆ రాత్రి మీ నాన్నకు మీరు సరిగ్గానే తినిపించారు అన్న ఒక్క మాట మీరే ఆమెకు చెప్పండి.